నాలుగో అనుమతి

ఈ బల్ల నాకు పాత పరిచయం, పోయినసారి వైవాకి వచ్చినప్పుడూ దీని మీదే కూర్చున్నాను, ఎడమ చివర ఒక మేకు తల పైకెత్తి ఉంటుంది, తెలియనివాళ్ల బట్ట పట్టుకుంటుంది, తెలిసినవాడు కుడివైపు జరుగుతాడు. నేను జరిగాను. రెండేళ్ల పీజీలో అనుమానం లేకుండా నేర్చుకున్నది ఇదొక్కటే కాబోలు. ఎదురుగా తలుపు మూసి ఉంది, తలుపు వెనక పెద్దాయన ఉన్నాడు. మమ్మల్ని పరీక్ష చేయడానికి వేరే కాలేజీ నుంచి వచ్చిన మనిషిని ఇక్కడ అందరూ అలాగే అంటారు, మా గైడు మాస్టారు కూడా, అదీ గొంతు తగ్గించి. మా ముందు జట్టు లోపల ఉంది. మొదట వాళ్ల గొంతులు గలగలా వినిపించాయి, తర్వాత పెద్దాయన దగ్గాడు, ఆ దగ్గు తర్వాత ఇప్పటిదాకా ఎవరి గొంతూ లేదు. దగ్గుతోనే ఫెయిల్ చేస్తాడేమో. మూలన నీళ్ల యంత్రం కారుతోంది, కింద బకెట్ పెట్టారు, ఒక చుక్క పడుతుంది, ఆగుతుంది, ఆలోచించుకుని ఇంకో చుక్క పడుతుంది, చుక్కలు కూడా ఎవరినో అడిగి పడుతున్నట్టున్నాయి.

నాకు మాటలు రావు. మూగవాణ్ణి కాదు, అవసరం కనిపించదు, అంతే. మా ఊరి బడిలో పంతులు ఏం అడిగినా తలూపేవాణ్ణి, ఆ ఊపుతోనే పదో తరగతి దాటాను, తర్వాత దూరవిద్యలో డిగ్రీ, అక్కడ తల కూడా ఊపక్కర్లేదు. పాల కేంద్రంలో కంప్యూటర్లు చూసుకునే పని దొరికింది. కంప్యూటరు ఎదురు మాటలు అడగదు, అందుకే మా ఇద్దరికీ కుదిరింది. అంతా బాగానే ఉండగా మా మేనేజరు గారు ఒకరోజు పిలిచి, "ఐటీ మేనేజ్‌మెంటులో పీజీ పట్టా తెచ్చుకోవయ్యా, కుర్చీ నీది. తేలేకపోయావా, మా బావమరిదిని కూర్చోబెడతా, నువ్వు వాడి కింద చేద్దువుగాని" అన్నారు. ఆ బావమరిది పనితనం నేను చూశాను. ఏ జబ్బుకైనా ఒకటే మందు వేస్తాడు, ఆపి మళ్లీ పెట్టడం. ఒకసారి పాలు పోస్తుండగానే తూకం యంత్రాన్ని ఆపి మళ్లీ పెట్టాడు, అది సున్నా నుంచి మొదలుపెట్టింది, క్యాన్లు మోసుకొచ్చినవాళ్లు అతని చుట్టూ మూగారు, అతను వాళ్లని కూడా కాసేపు ఆగి మళ్లీ రమ్మన్నాడు. అలాంటివాడి కింద పనిచేయాలి, ఈ తలుపు వెనక నోరు పెగలకపోతే. పోయినసారి పెగల్లేదు. "మీ ప్రాజెక్టు వల్ల సంస్థకి లాభమేంటి?" అని అప్పటి పరీక్షకుడు అడిగాడు. "ఉందండి" అన్నాను. "అదే, ఏంటది?" అన్నాడు. "చాలా ఉందండి" అన్నాను. ఆయన ఎదురుచూశాడు, నేనూ ఎదురుచూశాను, ఇద్దరం ఓపిక గలవాళ్లమే. మళ్లీ రమ్మని రాశాడు. ఈసారితో అవకాశాలు ఆఖరు.

ఆ సంగతి తలచుకోకూడదనుకుంటూనే తలచుకుంటున్నాను, ఎందుకంటే దానికంటే పెద్ద సంగతి ఇందాకే వచ్చి నెత్తిన కూర్చుంది. మా జట్టులో అమ్మాయి ఒకతె ఉంది, క్లాసంతా హడావుడి అని పిలుస్తారు, తను నడిచి రావడం నేను చూడలేదు, వస్తే పరిగెత్తే వస్తుంది. ల్యాప్‌టాప్ తెరిచి పళ్లెంలా రెండు చేతులతో పట్టుకుని వచ్చింది. "బాబాయ్, కొంప మునిగింది, ఈ స్లైడు చూడు" అంది. చూశాను. తెల్లటి స్లైడు, చుట్టూ ముచ్చటైన నీలం అంచు, మధ్యలో పెద్ద అక్షరాల్లో, ఇక్కడ పెద్దాయనకి నచ్చే ముక్క ఏదైనా పడేయాలి, అని ఉంది. కింద నాలుగు పచ్చ టిక్కులు, అనుమతించబడింది, అనుమతించబడింది, అనుమతించబడింది, అనుమతించబడింది. "ఎవరు రాశారు?" అన్నాను. "నేనే, తర్వాత నింపుదామని." "మరి నింపలేదా?" "మీరందరూ ఓకే చేసేశారుగా! ఓకే అయిపోయిందంటే ఎవరో నింపేసుంటారనుకున్నా!" గోడకి ఆనుకుని కళ్లు మూసుకున్న రెండో సహపాఠి, నిద్రమొహం అంటారు అతన్ని, కళ్లు తెరవకుండానే, "నేను చూశానే దాన్ని" అన్నాడు. "చూసి?" అంది హడావుడి, కొట్టబోయినట్టు. "అంచు బాగుందనిపించింది."

తీసేస్తే సరిపోతుంది కదా అని బయటివాళ్లకి అనిపిస్తుంది. తీసేయలేం. మా ప్రాజెక్టే అది, ఎవరు పడితే వాళ్లు ఏదీ తీసేయకుండా చూడటం. ఏ ఆఫీసులోనైనా ఒకడొచ్చి కంప్యూటర్లో ఒక మార్పు చేస్తాడు, సాయంత్రానికి అన్నీ ఆగిపోతాయి, ఎవరు చేశారంటే ఎవరూ చేయలేదంటారు, కాబట్టి ఏ మార్పయినా ముందు రాసిపెట్టాలి, నలుగురు దాన్ని చూసి పచ్చది నొక్కాలి, నలుగురూ నొక్కితేనే మార్పు జరుగుతుంది. దాని కోసం సాఫ్ట్‌వేరు కట్టాం. హడావుడి కట్టింది, నిద్రమొహం పక్కన కూర్చున్నాడు, నేను పరీక్షించాను. మా స్లైడ్లని కూడా అందులోనే పెడదామన్నది మాత్రం నేనే, ఈ రెండేళ్లలో నేను నోరు తెరిచి ఇచ్చిన సలహా అదొక్కటే, ఏం చేయను, హడావుడి పొద్దున పచ్చగా ఉన్న స్లైడ్లని మధ్యాహ్నానికి గులాబీ చేసేది, నిద్రమొహం కీబోర్డు మీద చెంప ఆనించి సగం చెరిపేసేవాడు. గైడు మాస్టారు పొంగిపోయి, ఈ ప్రదర్శన సైతం ఇదే పద్ధతిలో భద్రపరచబడినది, అని రిపోర్టులో ఎక్కించారు. పెద్దాయన అది చదివాడట. అయితే నేరుగా అందులోంచే చూపించండి, వేరే కాపీలు వద్దన్నాడట. ఒక్కో స్లైడు దగ్గర ఆపించి మరీ చదువుతాడట, దాటించడం కుదరదట. మా ప్రాజెక్టు పనిచేస్తోంది. ఇంత బాగా పనిచేస్తుందని మేమే అనుకోలేదు.

తీసేయడానికి నాలుగు అనుమతులు కావాలి. మూడు వచ్చేశాయి, హడావుడిది, నాది, నిద్రమొహానిది, అతని వేలు పట్టుకుని హడావుడే నొక్కించింది. నాలుగోది రావాలి. మా జట్టులో నాలుగోవాడు ఉద్యోగం దొరికి మధ్యలోనే వెళ్లిపోయాడు. నలుగురిని ముగ్గురు చేసుకోవాలన్నా అదీ ఒక మార్పే, దానికో వారం ఆగాలి అంది సాఫ్ట్‌వేరు కట్టిన మనిషి, అంటే హడావుడి, తన రూలు తనకే అడ్డమొచ్చి పళ్లు కొరుక్కుంటూ. వెళ్లేవాణ్ణి బస్సు దగ్గర పట్టుకుని అతని చోట ఇంకొకరి నంబరు పెట్టించాం. ఎవరిది పెడదామంటే ఎవరూ దొరకలేదు, నేను మా ఇంటావిడ నంబరు చెప్పాను. అప్పుడు తెలివైన పని చేశాననుకున్నాను.

మా ఇంటావిడకి చదవకుండా ఉండటం చేతకాదు. సబ్బు కొంటే సబ్బు వెనక చదువుతుంది. మందు సీసాతో వచ్చే పల్చటి కాగితం ఉంటుందే, దాన్ని మడతలు విప్పి రెండువైపులా చదివి, మళ్లీ ఆ మడతల్లో పెట్టడం ఎవరికీ రాదు గనక దుప్పటిలా మడిచి దాస్తుంది, మా ఇంట్లో ఒక సొరుగు నిండా అవే. గ్యాసు కనెక్షన్ ఇవ్వడానికి వచ్చిన మనిషిని కుర్చీ వేసి కూర్చోబెట్టి, నిబంధనలన్నీ చదివి, ఏడో దానిలో మాట సరిగ్గా లేదని దిద్దించి సంతకం చేసింది. అతను పోతూ పోతూ నన్ను జాలిగా చూశాడు. ఆవిడకి స్లైడ్లు పంపి చదివి నొక్కవే అంటే ఈ పీజీ నేను రిటైరయ్యాక వస్తుంది. అందుకని ఆవిడ స్నానానికి వెళ్లినప్పుడు ఆవిడ ఫోను తీసి నేనే నొక్కేసేవాణ్ణి, పచ్చది, పచ్చది, పచ్చది, నీళ్ల చప్పుడు ఆగేలోపు. ఈ నీలం అంచు స్లైడుని కూడా అలాగే నొక్కి ఉంటాను. చూడకుండా. మిగతా ముగ్గురూ చూశారు కదా అని. మిగతా ముగ్గురిలో నేనూ ఒకణ్ణని అప్పుడు తట్టలేదు. ఇప్పుడు ఆ ఫోను ఆవిడతోపాటు కుట్టు షాపులో ఉంది, మోగుతోంది, ఎత్తడం లేదు, మిషను చప్పుడులో వినిపించదు.

బకెట్ సగం నిండింది. చుక్క పడ్డప్పుడల్లా మా నాన్న గుర్తొస్తున్నాడు. నాన్న మా ఊరి కాలవ తూము చూసేవాడు, నాకంటే తక్కువ మాట్లాడేవాడు, ఆయన ముందు నేను వాగుడుకాయని. తూము తలుపు ఎత్తాలంటే కింది పొలాల తాలూకు నలుగురు రైతులు ఒప్పుకోవాలి, అదీ పద్ధతి. ఒక పొద్దున నలుగురూ గట్టు మీద కూర్చుని ఏదో పెళ్లి సంబంధం మాట్లాడుకుంటున్నారు. నాన్న వెళ్లి, "ఎత్తనా?" అన్నాడు. నలుగురూ తలూపారు, మాట ఆపకుండా. నాన్న ఎత్తాడు. కింద గట్టు తెగి ఉంది. నీళ్లు పొలాలకేసి పోకుండా తిన్నగా మా ఇంటికే వచ్చాయి, ఎవరో దారి చెప్పినట్టు. నేను మంచం మీద నిలబడ్డాను, నాన్న పక్కనే కాళ్లు పైకి పెట్టుకుని కూర్చున్నాడు, ఇత్తడి బిందె ఒకటి తేలుతూ గుమ్మం దాటి వీధిలోకి తిరిగింది, దాన్నే చూస్తూ, "నలుగురూ ఒప్పుకున్నారే" అన్నాడు నాన్న. "ఒప్పుకున్నారు సరేనయ్యా, చూసిందెవరూ?" అని బిందె వెనక పరిగెత్తింది అమ్మ. ఆ రోజు మా ఇంట్లో జరిగిన సంభాషణ అంతే, మాకది ఎక్కువే. అమ్మ బిందెతో తిరిగొచ్చేసరికి తడిసి ముద్దయి నవ్వుతోంది, ఎందుకు నవ్విందో నేను అడగలేదు, అడగాల్సింది, ఇంటావిడ అయితే అడిగేది.

జేబులో ఫోను వణికింది. ఆవిడే. లేచి గోడవైపు తిరిగాను, ముఖానికి ఎదురుగా నోటీసు బోర్డు, దాని మీద ఎవరిదో పోయిన గొడుగు గురించి కాగితం. "ఏంటండీ, ఇన్నిసార్లు చేశారు, ఎవరికైనా ఏమైనా అయిందా?" అంది. "ఏం కాలేదు. నీ ఫోనుకి ఒకటి వచ్చింది. నొక్కు." "ఏది?" "పచ్చది." "పచ్చదీ ఉంది, ఎర్రదీ ఉంది. నొక్కితే ఏమవుతుంది?" "ఏం కాదు." "ఏమీ కానిదానికి నొక్కడమెందుకు?" "వైవా" అన్నాను. "వైవా అంటే?" అంది. రెండేళ్లుగా ఆదివారాలు నేనెక్కడికి వెళ్తున్నాననుకుంటోంది ఈ మనిషి? అదే అడిగాను. "ఏం చదువుతున్నారని అడిగితే కంప్యూటరన్నారు. కంప్యూటర్లో ఏంటని అడిగితే చాలా అన్నారు. చాలా అంటే ఏంటో నాకేం తెలుస్తుంది, ఇక్కడ మనిషిని నిలబెట్టి చొక్కా కొలతలు తీస్తున్నా, త్వరగా చెప్పండి." తలుపు వెనక ఆయన దగ్గాడు. హడావుడి నా మోచెయ్యి పట్టుకుని ఊపుతోంది. అప్పుడు నాకేమైందో తెలియదు, నోరు దానంతటదే తెరుచుకుంది.

"విను. నీ షాపులో కొలతలు రాసిపెడతావా? ఆ కాగితం మీద దారినపోయేవాడొచ్చి నడుము దగ్గర ఒక అంకె దిద్దిపోతే?" "చెయ్యి విరిచేస్తా." "అదే! చెయ్యి విరవక్కర్లేకుండా, దిద్దేముందే నలుగురు చూడాలి. చూసి ఒప్పుకోవాలి. పచ్చది నొక్కడమంటే, నేను చూశాను, తేడా వస్తే పూచీ నాది, అని సంతకం పెట్టడం. అదీ మా ప్రాజెక్టు." గోడలోంచి నా గొంతు నాకే తిరిగి వినిపించింది, పరాయివాడి గొంతులా. "ఓహో" అంది, అవతల కత్తెర ఆగింది, "బాగుందే. మరి ఎవరైనా చదవకుండా నొక్కేస్తే?" "అంతకంటే దరిద్రం ఇంకోటి లేదు. చదవకుండా నొక్కితే ఈ ఏర్పాటంతా దండగ. చూడనప్పుడు నలుగురైతేనేం, నలభై మందైతేనేం?" బల్ల గుద్దుదామంటే బల్ల దూరంగా ఉంది, నోటీసు బోర్డు గుద్దాను, గొడుగు కాగితం ఊడి కిందపడింది. హడావుడి నోరు తెరుచుకుని చూస్తోంది. నిద్రమొహం కళ్లు కూడా తెరుచుకున్నాయి. "అర్థమైందిగా, ఇప్పుడు నొక్కు" అన్నాను, గెలిచినవాడిలా. "ఆగండి మరి, చదవాలిగా."

ఇది తీసేసేదే, చదవక్కర్లేదు అన్నాను. "ఏం తీసేస్తున్నారో చూడకుండా తీసేయమని నేనెలా చెప్తానండీ? ఇప్పుడేగా మీరే అన్నారు. మొదటి నుంచి చదివితేగానీ ఇది ఇక్కడెందుకుందో తెలీదు." ఎప్పుడూ మాట్లాడని మనిషి మాట్లాడితే ఇంత తొందరగా పనిచేస్తుందని నాకెవరూ చెప్పలేదు. వేలితో స్లైడ్లు జరుపుతోంది కాబోలు. "అదేంటి, వీటికి నా టిక్కులు ముందే ఉన్నాయి? నేనెప్పుడు నొక్కాను?" నీళ్లు నమిలాను. నమలగా నమలగా ఒక మాట మిగిలింది. "నువ్వు స్నానానికి వెళ్లినప్పుడు." అవతల కొలతలిస్తున్న మనిషి కూడా ఊపిరి బిగబట్టినట్టుంది. "సరే. ఇంటికి రండి, చెప్తా. ముందు దీన్ని చదవనివ్వండి" అని పెట్టేసింది. తలుపు తెరుచుకుంది. మా ముందు జట్టు ఒకరి వెనక ఒకరు, వాన వెలిశాక గూట్లోంచి బయటికొచ్చే కోళ్లలా, వచ్చి అటూ ఇటూ చూశారు. మమ్మల్ని పిలిచారు.

పెద్దాయన నేను ఊహించుకున్నంత పెద్దగా లేడు. పొట్టి మనిషి, కుర్చీలో కూర్చుంటే కాళ్లు నేలకి సరిగ్గా అందడం లేదు, ఊపుతున్నాడు. గైడు మాస్టారు పక్కన కూర్చుని మమ్మల్ని చూసి కళ్లతోనే దేవుడికి అప్పజెప్పారు. హడావుడి రైలింజనులా చెప్పుకుపోతోంది, పెద్దాయన చెయ్యెత్తి ప్రతి స్లైడు దగ్గరా ఆపి, పెదాలు కదుపుతూ చదివి, ఊఁ అంటున్నాడు, ఆ ఊఁ వింటే మా ఇంటావిడే గుర్తొస్తోంది, ఇద్దరికీ ఎక్కడో చుట్టరికం ఉండాలి. నీలం అంచు వచ్చింది. హడావుడి గబుక్కున దాటించబోయింది, పెద్దాయన చెయ్యి లేచింది. ఆయన ముందుకు వంగాడు. "ఇక్కడ, పెద్దాయనకి, నచ్చే ముక్క, ఏదైనా, పడేయాలి" అని బడి పిల్లవాడిలా కూడబలుక్కుని చదివాడు. దగ్గాడు. గైడు మాస్టారు కళ్లజోడు తీసి తుడవడం మొదలుపెట్టారు, ఇంక ఏదీ కనిపించకపోతే మేలన్నట్టు. "ఈ పెద్దాయన నేనేనా?" అన్నాడు, నన్నే చూస్తూ. "అవునండి" అన్నాను. "మరి ముక్కేది?" "ఇంకా పడలేదండి." "నలుగురు చూసి ఒప్పుకున్నట్టు టిక్కులున్నాయే?" అదిగో, మళ్లీ పాత చోటికే వచ్చాను, ఆయన ఎదురుచూస్తున్నాడు, నేనూ ఎదురుచూస్తున్నాను, నా కళ్ల ముందు బావమరిది కుర్చీలో కూర్చుని గుండ్రంగా తిరుగుతున్నాడు.

టింగుమంది. తెర మీద, స్లైడు కింద కామెంటు పెట్టె తెరుచుకుంది. ఏ పెద్దాయన? ఏ ముక్క? తేల్చి చెప్తే నొక్కుతాను. దాని కింద ఇంకోటి. మూడో పేజీలో బాణం ఎటు పోతోంది? పెద్దాయన కాళ్లు ఊపడం ఆపాడు. "ఈవిడెవరు?" "నాలుగో అనుమతండి" అన్నాను, "మా ఇంటావిడ. చదువుతోందండి." ఆయన ముఖంలో ఏదో కదిలింది, దగ్గు వస్తుందనుకున్నాను, రాలేదు. "నేను అడగబోయేదే ఆవిడ అడిగింది. నాకు చెప్పడం కష్టమైతే ఆవిడకే చెప్పండి. నేను పక్కన కూర్చుని వింటాను."

ఆవిడకి చెప్పడం ఇందాకే మొదలైంది కదా. తెరవైపు తిరిగాను. ఒక పొద్దున మా ఊళ్లో నలుగురు గట్టు మీద కూర్చున్నారు, అని మొదలుపెట్టాను, తూము చెప్పాను, బిందె చెప్పాను, అమ్మ అడిగిన మాట చెప్పాను, నీళ్ల చప్పుడు ఆగేలోపు ఆవిడ ఫోనులో నొక్కిన సంగతి కూడా, గైడు మాస్టారు కళ్లజోడు కిందపడేసుకున్నా ఆగకుండా, చెప్పాను. "నలుగురుంటే నాలుగు జతల కళ్లు ఉంటాయనుకున్నామండి. ఒక్కొక్కళ్లం మిగతా ముగ్గురి మీద వదిలేశాం. ఒక్కణ్ణే పెట్టుంటే భయానికైనా చూసేవాణ్ణి. మా పద్ధతిలో లోపం ఇదేనండి. నొక్కేవాళ్లు ఏం చూశారో ముందు ఒక ముక్క రాయాలి, రాస్తేగానీ పచ్చది వెలగకూడదు. మా ఇంటావిడ ఎవరూ చెప్పకుండానే అలా చేస్తుందండి, అందుకే ఆవిణ్ణి తప్పించుకు తిరిగాను." ఆగాను. దాహమేసింది. ఇంత మాట్లాడితే దాహమేస్తుందన్నమాట, అందుకేనా మనుషులు అన్ని నీళ్లు తాగుతారు.

"ఏం చూశారో రాయాలన్నారే, ఆ ముక్క అక్కడ రాయమ్మా" అన్నాడు పెద్దాయన హడావుడితో. ఆమె రాసింది. మూడు టిక్కులు పడ్డాయి, ఈసారి నిద్రమొహం తన వేలు తనే ఎత్తాడు. నాలుగోది పడలేదు. అందరం తెర చూస్తూ కూర్చున్నాం, బయట బకెట్లో చుక్క పడ్డది గదిలోకి వినిపించింది, పెద్దాయనకి దగ్గు వస్తే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఆపుకున్నాడు. పచ్చగా వెలిగింది. కింద ఆవిడ రాసిన ముక్క ఇలా ఉంది: చదివాను. అర్థమైంది. ఇది రెండేళ్ల కిందే చెప్పుంటే ఫోను నేనే మీ చేతికిచ్చి స్నానానికి వెళ్లేదాన్ని. బాణం సంగతి మర్చిపోలేదు.

పెద్దాయన దాన్ని పైకి చదివాడు, కూడబలుక్కోకుండా. మార్కుల కాగితం దగ్గరికి లాక్కుని, మా గైడు మాస్టారు అప్పటికే పెట్టేసిన సంతకం వైపు ఒకసారి, మాస్టారి వైపు ఒకసారి చూసి, కాగితం పైనుంచి కిందిదాకా చదివి, అంకె వేసి, సంతకం చేశాడు. "పాసయ్యారు, వెళ్లండి" అన్నాడు. "మీకు అసలు వైవా ఇంట్లో ఉన్నట్టుంది."

బయటికొచ్చి బల్ల మీద కూలబడ్డాను. ఎడమ చివర. మేకు పట్టుకుంది. విడిపించుకుందామని వంగేలోపు ఫోను వణికింది. "ఆఁ, ఇప్పుడు చెప్పండి, మొదటి నుంచి" అంది ఇంటావిడ. మేకుని అలాగే ఉండనిచ్చి, చెప్పడం మొదలుపెట్టాను.